పాత రిపోర్టులో 92, కొత్త రిపోర్టులో 74: పంది సెక్రెటిన్‌కీ సింథటిక్‌కీ ఇంత తేడా ఉంటుందా?

రాత్రిడ్యూటీ

అందరికీ నమస్కారం. గ్యాస్ట్రో ఫెలోషిప్‌లో రెండో ఏడు నాది. ఒక కేసు నాలుగు రోజులుగా బుర్ర తింటోంది. ఇక్కడ ల్యాబ్ వాళ్ళూ ఫార్మసీ వాళ్ళూ ఉన్నారు కదా అని అడుగుతున్నాను.

పేషెంటు అరవై దాటిన పెద్దాయన. పైకడుపులో నొప్పి ఏళ్ళ తరబడి వస్తూ పోతూ ఉంది. 1996లో ఆయనకి సెక్రెటిన్ టెస్టు చేశారు, అంటే సెక్రెటిన్ అనే హార్మోను ఎక్కించి ప్యాంక్రియాస్ (క్లోమం) వదిలే రసంలో బైకార్బనేట్ ఎంత వస్తుందో కొలిచేది. అప్పటి కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో దాచుకుని మరీ తెచ్చారు. ముక్కులోంచి గొట్టం వేసి చేసిన టెస్టు. మందు పంది పేగులోంచి తీసిన సెక్రెటిన్, కిలోకి 1 క్లినికల్ యూనిట్ చొప్పున. పీక్ బైకార్బనేట్ 92. నార్మల్ అని రాశారు.

పోయిన వారం మేం ఎండోస్కోపుతో చేశాం. మందు సింథటిక్ హ్యూమన్ సెక్రెటిన్, కిలోకి 0.2 మైక్రోగ్రాములు. ఆయన బరువు 68 కిలోలు. డియోడినంలోంచి (చిన్నపేగు మొదటి భాగం) లాగిన శాంపిళ్ళలో బైకార్బనేట్, లీటరుకి మిల్లీఈక్వివలెంట్లలో, ఇలా వచ్చింది: మందుకి ముందు 9, పదిహేను నిమిషాలకి 44, ముప్ఫైకి 70, నలభై అయిదుకి 74, గంటకి 61.

కనీసం 80 రావాలి, రాలేదు. మా సార్ "క్రానిక్ ప్యాంక్రియాటైటిస్ మొదలైనట్టుంది" అన్నారు, అంటే ప్యాంక్రియాస్ ఏళ్ళ తరబడి వాచి చెడిపోయే జబ్బు. పెద్దాయన మాత్రం బయట నన్ను ఆపి అడిగారు: "అప్పుడు పందిది ఎక్కించారు, ఇప్పుడు మనిషిది ఎక్కించారు. మందు మారితే అంకె మారదా బాబూ?"

నాకు జవాబు తెలీలేదు. నవ్వి ఊరుకున్నాను. ఆ నవ్వే ఇప్పుడు గుచ్చుకుంటోంది. రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి చూడొచ్చా, లేదా?

---

పెప్టైడ్_పిచ్చి

మంచి ప్రశ్న. అడిగిన పెద్దాయనకి నా నమస్కారం చెప్పండి.

ముందు "మనిషిది ఎక్కించారు" అన్న మాట సంగతి చూద్దాం. వయల్ మీద హ్యూమన్ అని ఉంటుంది కానీ దాన్ని ఏ మనిషి పేగులోంచీ తీయలేదు. మనిషి శరీరం తయారు చేసుకునే సెక్రెటిన్‌లో అమైనో ఆమ్లాలు ఏ వరసలో ఉంటాయో అదే వరసలో యంత్రం మీద ఒక్కోటీ గుచ్చి కట్టిన గొలుసది. పూలమాల కట్టినట్టే, కాకపోతే చివరి పువ్వు నుంచి మొదటి పువ్వు వైపు కడతారు.

గొలుసు పొడవు 27. పంది సెక్రెటిన్‌లోనూ 27, మనిషి సెక్రెటిన్‌లోనూ 27. అందులో 25 చోట్ల రెండూ ఒకటే. తేడా ఉన్నది 15, 16 స్థానాల్లో. పందికి అక్కడ ఆస్పార్టిక్ ఆమ్లం, సెరిన్ ఉంటాయి. మనకి గ్లుటామిక్ ఆమ్లం, గ్లైసిన్. రిసెప్టర్‌ని (కణం మీద హార్మోను అతుక్కునే చోటు) మేల్కొలిపేది గొలుసు మొదటి కొస, అక్కడ వీసమెత్తు తేడా లేదు. ఆ రెండు మార్పులూ నడుం దగ్గర ఉన్నాయి.

ఇంకో మెలిక. మార్కెట్‌లోకి వచ్చినవి రెండు రకాలు కాదు, మూడు. పేగులోంచి తీసిన పంది సెక్రెటిన్ ఒకటి. పంది వరసనే యంత్రం మీద కట్టిన సింథటిక్ పంది సెక్రెటిన్ రెండోది, దీని తయారీలో పంది ఊసే ఉండదు. సింథటిక్ హ్యూమన్ మూడోది. అమెరికాలో రెండోదానికి 2002లో, మూడోదానికి 2004లో అనుమతి వచ్చింది. కాబట్టి "పందిది" అని రాసి ఉంటే ఎక్కడి నుంచి వచ్చిందో అడగాలి. 1996 నాటి కాగితం కాబట్టి మీ కేసులో పేగు సరుకే అయ్యుంటుంది.

---

సందేహాలరావు

నేను డాక్టర్ని కాదు, చదివే అలవాటున్నవాణ్ణి. ఒక అనుమానం. సహజంగా పేగులో తయారైన దానికి ఉండే బలం యంత్రం మీద కట్టినదానికి ఉంటుందా? అప్పుడు 92, ఇప్పుడు 74. కళ్ళముందే కనిపిస్తోంది కదండీ.

---

పెప్టైడ్_పిచ్చి

రావుగారూ, మధ్యలో పాతికేళ్ళకి పైగా గడిచిపోయాయి. ఆయన ప్యాంక్రియాస్ కూడా అప్పటిది కాదు కదా :)

అదీగాక ఒకే రోగికి వేర్వేరు రోజుల్లో ఈ మూడింటినీ ఇచ్చి చూసిన అధ్యయనాలున్నాయి. మోతాదు సరిగ్గా లెక్కగట్టి ఇస్తే మూడూ దాదాపు ఒకే జవాబిచ్చాయి. నార్మల్ అని ఒకటి చెప్పినవాళ్ళని ఇంకోటి జబ్బు అనలేదు.

---

ల్యాబ్‌మాష్టారు

రిటైరయ్యాను కానీ ఈ టెస్టు పేరు వింటే చేతులు ఊరుకోవు. పాత సరుకుతో పనిచేసినవాణ్ణి కాబట్టి నాలుగు ముక్కలు చెబుతాను, కాస్త పొడుగవుతుంది.

రావుగారు "బలం" అన్నారు. పాత మందులో ఆ బలమే పెద్ద తలనొప్పి. స్టాక్‌హోమ్‌లో కరోలిన్‌స్కా ఇన్‌స్టిట్యూట్‌లో యోర్పెస్, ముట్ అని ఇద్దరు ఏళ్ళ తరబడి పందుల పేగులతో కుస్తీ పట్టి 1961 నాటికి శుద్ధమైన సెక్రెటిన్ తీశారు. పంది చిన్నపేగు పై భాగం, సుమారు మొదటి మీటరు, అదీ వేల పందుల నుంచి కావాలి. ముందు వేడినీళ్ళలో ఉడికించాలి, లేకపోతే పేగులోని ఎంజైములే హార్మోనుని తినేస్తాయి. తర్వాత అసిటిక్ ఆమ్లంతో పిండాలి. పిండిన దాంట్లోంచి ఆల్జినిక్ ఆమ్లానికి అతుక్కున్నదాన్ని విడదీయాలి. ఇన్ని చేసినా చివరికి చేతికొచ్చేది చిటికెడు పొడి.

ఆ పొడిలో సెక్రెటిన్ ఒక్కటే ఉంటే గొడవ లేదు. అంతగా శుద్ధి కాని సరుకులో పక్కింటి చుట్టాలు కూడా వచ్చేసేవి, ముఖ్యంగా కొలెసిస్టోకైనిన్. అది ఎంజైముల్ని బయటికి తోసే హార్మోను. సెక్రెటిన్ ఒక్కటే ఇచ్చామనుకుని రసంలో ఎంజైములు కొలిస్తే, అందులో ఎంత వాటా ఈ చుట్టానిదో తేల్చేదెవరు? బైకార్బనేట్ కొలిచినంతవరకు అంత చెరుపు లేదు. ఎంజైముల దగ్గరికొస్తే పాత అంకెల్ని నేను చేత్తో కూడా ముట్టుకోను.

ఇక యూనిట్ల గొడవ. బరువు చూసి ఇవ్వడానికి వీల్లేదు, ఎందుకంటే ఒక బ్యాచ్‌లో మిల్లీగ్రాముకి ఉన్న పస ఇంకో బ్యాచ్‌లో ఉండదు. అందుకని మత్తులో ఉన్న పిల్లికి ఇచ్చి, దాని ప్యాంక్రియాస్ ఎంత స్రవించిందో చూసి యూనిట్లు కట్టేవారు. ఒక్కో చోట ఒక్కో రకం యూనిట్. పాత జర్నళ్ళు తిరగేస్తే మనుషుల పేర్లతో కొన్ని, కంపెనీల పేర్లతో కొన్ని కనబడతాయి. సింథటిక్ వచ్చాక ఆ గోల వదిలింది. దాని పస మైక్రోగ్రాముకి సుమారు 5 క్లినికల్ యూనిట్లు. మీ లెక్క చూడండి: కిలోకి 0.2 మైక్రోగ్రాములు ఇంటూ 5, కిలోకి 1 యూనిట్. పెద్దాయనకి అప్పుడూ ఇదే బరువనుకుంటే 68 యూనిట్లు, ఇప్పుడు 13.6 మైక్రోగ్రాములు. రెండూ ఒకటే మోతాదు.

కాబట్టి డాక్టరు బాబూ, హార్మోను మీద అనుమానం తీసేయండి. మిగతావాటి మీద పెట్టుకోండి.

---

రాత్రిడ్యూటీ

మాష్టారూ, చాలా థ్యాంక్స్. మోతాదు లెక్క ఇంత సూటిగా నాకెవరూ చెప్పలేదు. "మిగతావి" అంటే ఏవి చూడమంటారు?

---

ల్యాబ్‌మాష్టారు

మొదట మందు కలిపిన తీరు. సిగ్గు విడిచి ఒక సంగతి చెబుతాను.

పాత సరుకు ఉన్నప్పుడు మా దగ్గర మిల్లీలీటరుకి 10 యూనిట్లు ఉండేలా కలిపేవాళ్ళం, కిలోకి 0.1 మిల్లీలీటరు ఇచ్చేవాళ్ళం. సింథటిక్ వచ్చింది, వయల్‌లో 16 మైక్రోగ్రాములు. దాన్ని 8 మిల్లీలీటర్ల సెలైన్‌లో కలిపితే మిల్లీలీటరుకి 2 మైక్రోగ్రాములు. అప్పుడూ కిలోకి 0.1 మిల్లీలీటరే. ఎంత సుఖంగా కుదిరిందో అనుకున్నాం. మా కుర్రాడొకడు లెక్క సులువని 10 మిల్లీలీటర్లలో కలపడం మొదలెట్టాడు. కిలోకి 0.1 మాత్రం అలాగే ఉంచాడు. అంటే ఇచ్చింది కిలోకి 0.16. అయిదో వంతు కోత. కొన్ని వారాలు అలా నడిచింది. డబ్బాలో ఖాళీ సెలైన్ ఆంపుల్స్ లెక్క సరిపోక బయటపడింది తప్ప రిపోర్టులు చూసి ఎవరూ పట్టుకోలేదు. 80కి కాస్త అటూ ఇటూగా ఉన్నవాళ్ళకి ఆ కోత వల్ల ఏ పేరు పడిందో తలుచుకుంటే ఇప్పటికీ మనసు బాగుండదు.

మీ దగ్గర 8లో కలిపారో లేదో అడగండి. పెద్దాయనకి 6.8 మిల్లీలీటర్లు వెళ్ళి ఉండాలి.

రెండు, శాంపిల్. తీసిన వెంటనే మూత బిగించి ఐసులో పెట్టారా? మూత లేకుండా బల్లమీద ఉంచితే కార్బన్ డయాక్సైడ్ ఎగిరిపోతుంది, అంకె పడిపోతుంది. రంగు, పీహెచ్ రాసుకున్నారా? కడుపులోని ఆమ్లం కొంచెం జారి డియోడినంలోకి వచ్చినా బైకార్బనేట్‌ని అక్కడికక్కడే తినేస్తుంది. పాత డబుల్ ల్యూమెన్ గొట్టంలో ఒక దారి కడుపుని ఖాళీ చేస్తూనే ఉండేది, రెండో దారి డియోడినంలోది లాగేది. ఎండోస్కోపుతో చేసేటప్పుడు ముందే కడుపులోదంతా లాగేసి లోపలికి వెళ్ళాలి.

మూడు, మిషను. రక్తం కోసం పెట్టిన అనలైజరు 45, 50 దగ్గర చేతులెత్తేస్తుంది. ఈ రసాన్ని పలచన చేసి పెట్టాలి. పలచన ఎంత చేశారు, తిరిగి దేంతో గుణించారు?

---

గొట్టం_మింగినావిడ

మాష్టారి గొట్టం మాట వినగానే గొంతు పట్టేసింది. నాకు రెండూ అయ్యాయి, అందుకే రాస్తున్నాను.

మొదటిసారి గొట్టం. ముక్కులోంచి గొంతులోకి, అక్కడినుంచి కిందకి. ఎక్స్‌రే తెర మీద చూస్తూ "మింగమ్మా, మింగు" అంటూ ఉంటారు. గొట్టం చోటుకి చేరడానికే చాలాసేపు పట్టింది. తర్వాత గంటసేపు పక్కకి ఒత్తిగిలి పడుకోవాలి. ఉమ్ము మింగకూడదు, చిన్న గిన్నెలో ఉమ్ముతూ ఉండాలి. పక్కన సీసాల్లోకి రసం చుక్కచుక్కగా పడుతుంటే చూస్తూ పడుకున్నాను. మొదట పచ్చగా, పోను పోను నీళ్ళలా తేటగా. ఆ నర్సమ్మ పదిహేను నిమిషాలకోసారి సీసా మార్చి, పాతదాన్ని ఐసుముక్కల్లో గుచ్చేది. మందు ఎక్కగానే మొహం ఒక్కసారిగా వేడెక్కింది, నిమిషంలో పోయింది.

రెండోసారి ఎండోస్కోపు. మత్తిచ్చారు, నాకేమీ గుర్తులేదు. అది సింథటిక్ అన్నారు.

నా ప్రశ్న వేరు. నేను రోజూ భోజనంతో ఎంజైము క్యాప్సూళ్ళు వేసుకుంటాను. అవి పంది ప్యాంక్రియాస్‌వేనట. టెస్టు మందు సింథటిక్ అయింది, మరి మింగే మందు ఇంకా పందిదే ఎందుకుంది? ఈ క్యాప్సూళ్ళ వల్ల టెస్టు తప్పు రాదా?

---

మందుల_బీరువా

ఫార్మసీ నుంచి నేను. అక్కా, మీ ప్రశ్నకి ముందు జవాబు చెప్పి అసలు విషయానికి వస్తాను.

సెక్రెటిన్ ఒకే ఒక్క గొలుసు, 27 పూసలు. కట్టడం తేలిక. మీ క్యాప్సూల్‌లో లైపేజ్, అమైలేజ్, ప్రొటియేజులు అన్నీ కలిసి ఉంటాయి, అవన్నీ పెద్ద పెద్ద ప్రొటీన్లు. పైగా రోజూ గ్రాముల్లో కావాలి. అందుకే అక్కడ ఇంకా పందే దిక్కు. మతం వల్లో మరో కారణం వల్లో పందిది వద్దనేవాళ్ళకి టెస్టు దగ్గర ఇబ్బంది తీరింది, క్యాప్సూళ్ళ దగ్గర తీరలేదు.

టెస్టు తప్పు వస్తుందా అన్నారు. మలంలో ఎలాస్టేజ్ (ప్యాంక్రియాస్ చేసే ఒక ఎంజైము) చూసే టెస్టుకి మీ క్యాప్సూళ్ళు ఆపక్కర్లేదు. మోనోక్లోనల్ యాంటీబాడీలతో చేసే పద్ధతిలో మనిషి ఎలాస్టేజ్‌నే పట్టుకుంటారు, పందిది కంటికి ఆనదు. గ్రాముకి 200 మైక్రోగ్రాముల కంటే తక్కువైతే అనుమానం, 100 కంటే తక్కువైతే గట్టి అనుమానం. విరేచనం నీళ్ళలా ఉన్న రోజు ఇస్తే మాత్రం ఊరికే తక్కువ చూపిస్తుంది. మీరు చేయించుకున్న సెక్రెటిన్ టెస్టు బైకార్బనేట్ కోసమైతే క్యాప్సూల్‌కీ దానికీ పేచీ లేదు. ఎంజైములు కూడా కొలిచేట్టయితే ముందే చెప్పండి, ఆపమంటారు.

ఇప్పుడు రాత్రిడ్యూటీ గారికి. మీ వయల్ ఎక్కడ ఉంచారు? డీప్ ఫ్రీజర్‌లో, మైనస్ 20 దగ్గర ఉండాలి. కలిపాక వెంటనే ఇచ్చేయాలి, తర్వాత వాడదామని దాచుకునే సరుకు కాదు. 16 మైక్రోగ్రాముల వయల్ 80 కిలోల వరకే సరిపోతుంది, అంతకంటే బరువున్నవాళ్ళకి రెండోది తెరవాలి. అది తెరవడానికి చేతులు రాక "ఒకటి చాల్లే" అన్నవాళ్ళనీ చూశాను.

ఇంకోటి. ఆ పెద్దాయన కడుపునొప్పికి ఏం వేసుకుంటున్నారు?

---

పెప్టైడ్_పిచ్చి

ఫ్రీజర్ ఎందుకంటే ఒక ముక్క. గొలుసులో 3వ పూస ఆస్పార్టిక్ ఆమ్లం, 4వది గ్లైసిన్. ఈ జంట పక్కపక్కన ఉంటే ఆ కీలు దగ్గర గొలుసు నెమ్మదిగా వంకర తిరుగుతుంది. బరువు అంతే ఉంటుంది, పని మాత్రం తగ్గుతుంది. ఇందాక చెప్పాను కదా, మొదటి కొసే రిసెప్టర్‌ని లేపేదని. సరిగ్గా అక్కడే ఈ బలహీనత. పందిదైనా మనిషిదైనా, పేగుదైనా యంత్రానిదైనా అందరికీ ఉన్న జబ్బే ఇది.

---

సందేహాలరావు

సరే, ఒప్పుకున్నాను. కానీ పాత మందు అంత బాగా పనిచేస్తుంటే ఆపేయడమెందుకు? కంపెనీల లాభం కోసమా?

---

మందుల_బీరువా

రావుగారూ, ఆ కథలో లాభం కంటే ఆశ ఎక్కువ.

1998లో ఒక చిన్న రిపోర్టు వచ్చింది. ఆటిజం ఉన్న ముగ్గురు పిల్లలకి కడుపు సమస్యల కోసం ఎండోస్కోపీ చేస్తూ సెక్రెటిన్ ఇచ్చారు, ఆ తర్వాత వాళ్ళ చూపులో, మాటలో మెరుగు కనిపించిందని. అంతే. తల్లిదండ్రులు సెక్రెటిన్ కోసం వెతుకులాట మొదలెట్టారు. ప్యాంక్రియాస్ టెస్టు కోసం ఏడాదికి కొద్దిమందికి వాడే మందు, అదీ పంది పేగుల మీద ఆధారపడి తయారయ్యేది, ఒక్కసారిగా అంతమందికి ఎక్కడినుంచి వస్తుంది? టెస్టుకే దొరకని పరిస్థితి వచ్చింది.

1999లో సరైన పరీక్ష పెట్టారు. కొందరు పిల్లలకి సింథటిక్ హ్యూమన్ సెక్రెటిన్ ఒక డోసు, కొందరికి ఉప్పునీళ్ళు. రెండు గుంపుల్లోనూ మెరుగు ఒకేలా కనిపించింది. ఉప్పునీళ్ళకీ అంతే! ఆ రోజుల్లోనే పేగు సరుకు తయారీ కూడా ఆగిపోయింది. ఆ ఖాళీలోకి సింథటిక్ వచ్చింది.

ఫార్మసీలో కూచుని చెబుతున్నాను, పేగు మీద ఆధారపడే మందుకి నిలకడ ఉండదు. ఈ బ్యాచ్ ఉంటుంది, వచ్చే బ్యాచ్ ఎప్పుడో తెలీదు.

---

పాతకథలు

ఇంత మాట్లాడుకుంటున్నారు, హార్మోను అన్న మాటే ఈ సెక్రెటిన్ వల్ల పుట్టిందని ఎవరూ అనలేదేం?

1902 జనవరి 16, లండన్ యూనివర్సిటీ కాలేజీ. బేలిస్, స్టార్లింగ్ అని బావాబావమరుదులు. పేగులోకి ఆమ్లం రాగానే ప్యాంక్రియాస్ రసం వదులుతుంది, ఆ కబురు నరాల ద్వారా వెళ్తుందని అప్పటి నమ్మకం, రష్యా శాస్త్రవేత్త పావ్‌లోవ్ శిష్యులది కూడా. వీళ్ళు మత్తులో ఉన్న కుక్క పేగులో ఒక ముక్కకి నరాలన్నీ తెంపేసి, అందులో ఆమ్లం పోశారు. రసం వచ్చింది! నరం లేకుండా కబురెలా వెళ్ళింది? ఆ పేగు లోపలి పొరని గీకి, ఇసుకా ఆమ్లం వేసి నూరి, వడగట్టి, కుక్క మెడ దగ్గరి సిరలోకి ఎక్కించారు. ప్యాంక్రియాస్ మళ్ళీ స్రవించింది. కబురు రక్తంలో వెళ్తోందని తేలింది. దానికి సెక్రెటిన్ అని పేరు పెట్టారు. మూడేళ్ళ తర్వాత, 1905లో, ఇలాంటి కబురు మోసే పదార్థాలన్నిటికీ హార్మోను అన్న మాట స్టార్లింగ్ వాడాడు.

మాష్టారి ల్యాబ్‌లో కొన్న పంది సరుకూ ఆ రోజు ఇసుకతో నూరిన ముద్దా రెండూ పేగులోంచి తీసినవే. శుద్ధి పెరిగింది, అంతే.

---

గొట్టం_మింగినావిడ

ఇసుకతో నూరి సిరలోకా! చదువుతుంటేనే ఏదోలా ఉంది. నాకు ఎక్కించింది తేటగా ఉంది, నేను చూశాను.

---

రాత్రిడ్యూటీ

ఇవాళంతా ఫోన్ల మీదే ఉన్నాను. ఒక్కోటీ చెబుతాను.

మందు 8 మిల్లీలీటర్లలోనే కలిపారు. 6.8 ఇచ్చారు, ఛార్టులో ఉంది. వయల్ ఫ్రీజర్‌లోనే ఉంది, టెంపరేచర్ చీటీ చూశాను. శాంపిళ్ళకి మూతలు పెట్టి ఐసులో పంపారు, ఆ పని చేసింది నేనే. పలచన 1కి 1 చేశారు, రెండుతో గుణించారు, మిషను చూపించింది 37. మాష్టారూ, మీ మూడు ప్రశ్నలకీ పాసయ్యాను అనుకుంటా. ఒక్కటి తప్ప: పీహెచ్ చూడలేదు. రంగు మాత్రం చివరి మూడూ తేటగానే ఉన్నాయి.

సార్‌తో కూడా మాట్లాడాను, హార్మోను మారినందువల్ల అంకె మారదని ఆయనా అన్నారు.

బీరువా గారూ, మీ ప్రశ్న దగ్గర ఆగిపోయాను. పెద్దాయనకి ఫోన్ చేశాను. "నొప్పికి ఏదైనా వేసుకుంటున్నారా?" అంటే, "ఆ, డైసైక్లమిన్, పూటకొకటి. టెస్టు రోజు పొద్దున ఆత్రంగా ఉండి గుక్కెడు నీళ్ళతో ఒకటి వేసుకునే వచ్చాను" అన్నారు. పన్నెండు గంటలు ఏమీ తినొద్దు అన్నాం. మాత్రల సంగతి మేం అడగలేదు. నేను అడగలేదు.

---

మందుల_బీరువా

దొరికింది దొంగ. దాన్ని యాంటీకొలినెర్జిక్ అంటాం, పేగుల పట్టు సడలించే మందు. అది ఒంట్లో ఉంటే సెక్రెటిన్‌కి ప్యాంక్రియాస్ మందకొడిగా పలుకుతుంది. లేబుల్‌లోనే ఉంది ఆ మాట. రెండు మూడు రోజుల ముందే ఆపి చేయాల్సింది. వేగస్ నరం కోసిన ఆపరేషన్ అయినవాళ్ళలోనూ ఇలాగే తక్కువ రావచ్చు. మద్యం వల్ల లివర్ చెడినవాళ్ళలో దానికి తిరగేసి, రసం వరదలా వస్తుంది. ఇవేవీ హార్మోను పుట్టుకని బట్టి రావు. పంది సెక్రెటిన్ ఇచ్చినా డైసైక్లమిన్ అదే పని చేసేది.

---

సందేహాలరావు

ఒక చిన్న అనుమానం, ఇదే ఆఖరు. మాష్టారు "కొలెసిస్టోకైనిన్" అన్నారు. దాన్ని కూడా సింథటిక్‌గా ఇస్తారా?

---

పెప్టైడ్_పిచ్చి

ఇస్తారు. పూర్తి గొలుసు కాదు, చివరి 8 పూసలే. పేరు సింకలైడ్. పని చేసేది ఆ తోకే కాబట్టి మిగతాది అక్కర్లేదు. అందులో ఒక టైరోసిన్ మీద సల్ఫేట్ గుంపు కూచుని ఉండాలి, అది ఊడితే బలం చాలావరకు పోతుంది.

దీనికో విచిత్రమైన దాయాది ఉంది, సెరులీన్. ఆస్ట్రేలియా ఆకుపచ్చ చెట్టుకప్ప చర్మంలో దొరికింది. పది పూసలు, తోక దాదాపు అదే, సల్ఫేట్‌తో సహా. కప్ప చర్మంలో దానికేం పనో కానీ మన పిత్తాశయాన్ని మాత్రం గట్టిగా పిండేస్తుంది. ఈ రెండూ ఎంజైముల వైపు చూసే టెస్టులకి. సెక్రెటిన్ నాళాల కణాల్ని పలకరిస్తుంది, ఇవి ఎంజైములు చేసే కణాల్ని. సింకలైడ్ గబుక్కున తోసేస్తే కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి వస్తుంది, నెమ్మదిగా ఎక్కించాలి.

---

ల్యాబ్‌మాష్టారు

పాత పంది సరుకుతో ఎంజైముల టెస్టు చేసిన రోజుల్లో పేషెంట్లు వాంతి చేసుకోవడం మామూలు. అందులో మందు వాటా ఎంతో, మలినాల వాటా ఎంతో ఆ దేవుడికే తెలియాలి.

డాక్టరు బాబూ, మాత్ర ఆపి మళ్ళీ చేయండి. ఈసారి పీహెచ్ రాయండి.

---

రాత్రిడ్యూటీ

రెండు వారాల తర్వాత వస్తున్నాను. మళ్ళీ చేశాం. అదే మందు, అదే మోతాదు. మాత్ర నాలుగు రోజులు ఆపాం. పీహెచ్ చివరి మూడింటిలోనూ 8కి పైనే.

10, 52, 79, 81, 70.

పీక్ 81. ఇప్పుడు దీన్నేమంటారు మాష్టారూ?

---

ల్యాబ్‌మాష్టారు

81ని 81 అంటారు నాయనా. గీత 80 దగ్గర గీసింది మనం, ఆయన ప్యాంక్రియాస్‌కి ఆ గీత తెలీదు. ఏ మందు, ఎంత మోతాదు, ఏ మాత్ర ఎన్నాళ్ళు ఆపారు, పీహెచ్ ఎంత, అన్నీ అంకె పక్కనే రాసి పంపండి. మీ సార్ స్కానుతో కలిపి చూసుకుంటారు.

---

గొట్టం_మింగినావిడ

ఆయనకి నొప్పి ఎలా ఉంది? అదెవరూ అడగలేదు.

---

రాత్రిడ్యూటీ

మాత్ర ఆపిన నాలుగు రోజులూ బాగా ఇబ్బంది పడ్డారక్కా. టెస్టు అయిన సాయంత్రమే మళ్ళీ మొదలుపెట్టాం, ఇప్పుడు కాస్త నయం. గురువారం ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ ఉంది. పాత కాగితం, కొత్త కాగితం రెండూ ఒకే ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని తీసుకెళ్ళారు. పందిదైనా మనిషిదైనా ఒకటేనని చెప్పాను. "అయితే ఆ మాత్రే మోసం చేసిందన్నమాట" అని నవ్వారు.

---